చెవి యొక్కరిది, వినికిడి యందరిది

"చెవిటివాని యెదుట శంఖమూదినట్లు" అనుట మనవారిలో చిరకాలమునుండి వాడుకలో నున్న సామెత. నిష్ఫలమైన శ్రమను దెలుపుటకు దీనిని వాడుదుము, వాడునప్పుడు నవ్వుదుము. ఈ సామెతయందు శంఖమూదిన వాని శ్రమ వ్యర్థమయ్యెనను చింత యున్నదిగాని, వినలేనివాని కష్టమును గూర్చిన తలంపు లేశమైనను లేదు. ఇది సామెత యొక్క లోపము మాత్రమే కాదు. బధిరుల విషయమున సంఘము నడచిన చరిత్ర యంతయు నించుమించుగ నిట్టిదే. వినలేకుండుట వాని లోపమని తలచితిమి. వానితో మాటలాడు విధము నేర్వకుండుట మన లోపమని తలపమైతిమి.

నేడు పుట్టుచెవిటి శిశువునకు సయితము ధ్వనిని దెలియజేయు యంత్రము వచ్చినది. దానిని కాక్లియర్ ఇంప్లాంటందురు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పేదకుటుంబములకును ప్రభుత్వ ధనసహాయముచే నది యందుబాటులోనికి వచ్చినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని యంత్రమమర్చుటతో సంఘముయొక్క పని ముగిసెనని తలంచినచో, మన పెద్దలు చేసిన తప్పునే మనము క్రొత్త రూపమున జేసినవార మగుదుము. ఈ మాట యెట్లు నిజమో తెలియుటకు కొంత వెనుకటి చరిత్రను జూడవలసియున్నది.

మనుస్మృతి పుట్టుగ్రుడ్డివారిని, పుట్టుచెవిటివారిని దాయభాగమునకు అనర్హులనుగా జెప్పినది. వారికి అన్నవస్త్రములిచ్చి పోషింపవలెనని మాత్రము విధించినది. అనగా వారు తినదగినవారేగాని కలిగియుండదగినవారు కారని తాత్పర్యము. ఆంగ్లేయ ప్రభుత్వకాలపు న్యాయస్థానములును హిందూధర్మశాస్త్రము పేర నీ నియమమునే యనుసరించెను. తుదకు 1928వ సంవత్సరమున, హిందూ వారసత్వమునందలి యనర్హతలను దొలగించు చట్టము పుట్టి, మితాక్షర ననుసరించు ప్రాంతములలో చెవిటివాడను కారణముచేతనే యొకనిని ఆస్తికి దూరము చేయరాదని శాసించెను. మన తెలుగుదేశము మితాక్షర ననుసరించునదే కావున ఈ చట్టము మనకు వర్తించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ న్యాయమును దేశమంతటికిని స్థిరపరచెను. ఒక చెవిటి కుమారుడు తండ్రి పొలములో పాలు పొందుటకు శాసనసభల తీర్మానము కావలసివచ్చెనన్న మాట మనము మరువరాదు.

అదే కాలమున ప్రభుత్వమువారు జనాభా లెక్కలలో చెవిటి మూగలను వేరుగ లెక్కించుచుండిరి. 1881 మొదలు 1931 వరకు పదేండ్ల కొకమారు ఈ లెక్క జరిగెను. కాని లెక్కించుటకును ఆదరించుటకును ఎంతయో దూరము గలదు. బొంబాయిలో 1885వ సంవత్సరమునను, కలకత్తాలో 1893వ సంవత్సరమునను, దక్షిణమున తిరునల్వేలి దగ్గఱనున్న పాళయంకోటలో ఆ శతాబ్దాంతమునను బధిరుల పాఠశాలలు వెలసినవి. హిందూపురమునందో పెనుకొండయందో పుట్టిన చెవిటిబాలునికి ఈ పాఠశాలలన్నియు నాకాశకుసుమములే. వాడు పశువుల గాయుచునో, మగ్గముకడ నిలుచుచునో, ఇంటివారు చేసికొన్న నాలుగు సైగలతో జీవితము గడపెను.

పాఠశాలలు కలిగిన దేశములలోనైనను అన్యాయము తొలగలేదు. పారిసు నగరమున 18వ శతాబ్దమున అబే ద లెపే యను మతాచార్యుడు బధిరుల చేతిసైగలే వారి భాషయని గుర్తించి, ఆ మార్గముననే విద్య నేర్పెను. కాని 1880లో ఇటలీదేశపు మిలాను నగరమున గూడిన ఉపాధ్యాయ మహాసభ, చెవిటిపిల్లలకు నోటిమాటతోనే చదువు చెప్పవలెననియు సైగలు వదలవలెననియు తీర్మానించెను. ఆ సభయందు కూర్చున్నవారు ఇంచుమించుగ నందఱును వినగలవారే! తీర్మానఫలముగా అనేక దేశములలో సైగచేసిన పిల్లల చేతులను గట్టివేసిరి. ఈ తీర్మానములు తప్పని, వాని వలన గలిగిన హానికి విచారించుచున్నామని అదే పరంపరకు జెందిన మహాసభ 2010లో కెనడాదేశపు వాంకూవరున ఒప్పుకొనెను. నూటముప్పది యేండ్లు పట్టినది. చెవిటివాని మేలును గూర్చి చెవిటివాని నడుగక నిర్ణయించుటయే ఆ తప్పునకు మూలము. ఈ పాఠమును మనసులో నుంచుకొని ఇక యంత్రము కథను జూతము.

లోపలిచెవియందు శంఖమువలె మెలిదిరిగిన చిన్న గుల్ల గలదు. దానినే కాక్లియా యందురు. నత్తగుల్ల యని ఆ మాటకర్థము. అందులోని సూక్ష్మమైన రోమకణములు ధ్వనిని విద్యుత్సంకేతములుగా మార్చి నరమునకు అందించును. ఆ కణములు నశించినను, లేక పుట్టుకతోనే పని చేయకున్నను, ఎంత బిగ్గఱగ నఱచినను ప్రయోజనము లేదు. సామాన్యమైన వినికిడి మిషను ధ్వనిని పెంచునేకాని లేని కణములను గల్పింపజాలదు. ఆ కణముల నతిక్రమించి నరమునే విద్యుత్తుతో దాకవలెనను నూహతో పారిసునందు 1957లో జూర్నో, ఎయిరియెస్ అను నిరువురు ఒక బధిరునికి తీగ నమర్చిరి. ఆతనికి కొన్ని శబ్దములు వినవచ్చెను. యంత్రము కొలదికాలమునకే చెడెను. 1961లో అమెరికాలో విలియం హౌసు ఈ పనిని మరల జేపట్టెను. 1977 డిసెంబరులో ఆస్ట్రియాదేశపు వియన్నాలో హోక్మైరు దంపతులు నిర్మించిన బహుతంత్రుల యంత్రమును, 1978 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నున గ్రేమ్ క్లార్కు నిర్మించిన యంత్రమును మనుష్యులకు అమర్చిరి.

క్లార్కు తండ్రి మందుల దుకాణము నడపుచుండెను. ఆయనకు చెవుడు. వచ్చినవారు తమ రోగమును మెల్లగ జెప్పిన ఆయనకు వినబడదు. బిగ్గఱగ జెప్పిన దుకాణములోని వారందఱును విందురు. ఈ యిబ్బందిని జూచి పెరిగిన కుమారుడు పెద్దవాడై చెవివైద్యుడయ్యెను. మెలిదిరిగిన కాక్లియాలోనికి తీగను విఱుగకుండ నెట్లు పంపుటయో తెలియక చిక్కుపడియుండ, సముద్రతీరమున దొరకిన గుల్లలోనికి గడ్డిపరకను దూర్చి చూచి, మొదలు గట్టిగను కొన మెత్తగను ఉన్న పరక లోనికి సులభముగ బోవునని కనుగొనెనట. శంఖముచే చెవిటివారిని పరిహసించిన మన సామెతకు ఇంతకంటె మంచి జవాబు లేదు. అమెరికా ప్రభుత్వము 1985లో పెద్దలకును, 1990లో రెండేండ్లు నిండిన పిల్లలకును ఈ యంత్రము నంగీకరించెను.

ఈ యంత్రమునకు రెండు భాగములు. చెవివెనుక చర్మముక్రింద ఎముకలో నమర్చునది యొకటి. దానినుండి సన్నని తీగ కాక్లియాలోనికి బోవును. వెలుపల ధరించునది రెండవది. అందులో మైకు, బ్యాటరీ, ధ్వనిని సంకేతముగా మార్చు సాధనము, అయస్కాంతముచే తల కంటుకొను చుట్ట యుండును. శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారములకుగాని యంత్రమును పలికింపరు. పలికించిన దినముననే బిడ్డ "అమ్మా" యని పిలుచునని తలంచు తల్లిదండ్రులు నిరాశ చెందుదురు. ఆ దినమున బిడ్డ కేడ్పు మాత్రమే రావచ్చును. ఏలయనగా వానికి తెలిసినది ధ్వని మాత్రమే. అది మాటయని తెలియదు. తొలి మూడేండ్లలో మెదడు భాషను గ్రహించు శక్తి యధికము గనుక శీఘ్రముగ నమర్చిన మేలు. కాని అమర్చిన పిదప సంవత్సరములతరబడి వినుట నేర్పవలెను. ఏ నరము కెంత విద్యుత్తు కావలెనో పలుమారులు సరిచూడవలెను. ఈ పనిని మ్యాపింగందురు. స్నానము చేయునప్పుడును నిద్రించునప్పుడును వెలుపలి భాగమును దీసినచో, ఆ బిడ్డ మరల నిశ్శబ్దమునందుండును. ఇంప్లాంటు చెవుడును బోగొట్టదు. చెవుడుగల మనిషికి వినుటకొక దారి చూపును.

మన ప్రాంతమున కీ దారి యెట్లు వచ్చెను? 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకమును మొదట మూడు జిల్లాలలో ప్రారంభించెను. అనంతపురము ఆ మూటిలో నొకటి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అప్పుడా జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఆ పథకమున శిశువులకు ఇంప్లాంటు శస్త్రచికిత్సకును తదుపరి మాటల శిక్షణకును గలిపి 6.5 లక్షల రూపాయల వరకు ప్రభుత్వమే భరించు నేర్పాటు జరిగెను. 2013లో బాలల ఆరోగ్యపరీక్షలకై రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము వచ్చి, పుట్టుచెవుడును వెదకవలసిన లోపములలో జేర్చెను. 2014లో సవరింపబడిన కేంద్ర పథకము ఒక్కొక్క బిడ్డకు 6 లక్షల వరకు సహాయమును నిర్ణయించెను. పట్టుచీర నేయువాడును, చింతపండు మార్కెట్టులో మూట మోయువాడును తన జీవితకాలమున గూడబెట్టజాలని ధనము కాగితముమీద నొక సంతకముతో లభించుట సామాన్యమైన మార్పు కాదు. శిక్షణకును ధనము కేటాయించిరన్న విషయము గమనింపదగినది. యంత్రము మాత్రమే చాలదని పథకము వ్రాసినవారికిని దెలియును.

అయినను చిక్కులు ఆసుపత్రి గుమ్మము దాటిన వెనుకనే మొదలగును. ధర్మవరమునుండి పెనుకొండ, హిందూపురముల మీదుగ బెంగుళూరునకు రైలుమార్గము గలదు. హిందూపురమునకు బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. మైసూరులో 1965లో నెలకొల్పబడిన అఖిలభారత వాక్శ్రవణ సంస్థ మరియు దూరము. శిక్షణకై పోవలసిన ప్రతిమారును తల్లికి ఒకదినపు కూలి పోవును; తండ్రి మగ్గము నిలిచిపోవును. నాలుగుమారులు పోయి అయిదవమారు మానుకొనువారిని నిందించుట సులభము. కాని వారు మానుకొన్నది బద్ధకముచేత కాదు, రైలుఖర్చునకును కూలికిని మధ్య నలిగి.

ఇక ఇంటి సంగతి. ఇంప్లాంటు గలవారికి నిశ్శబ్దమైన గదిలో నొక్కరు మాటలాడిన తెలియునంతగా, పలుధ్వనుల నడుమ తెలియదు. ఇది యీ యంత్రమునకు సహజమైన కొఱత. ధర్మవరపు నేతవారి యింటిని తలంచుకొనుడు. వంటయు, నిద్రయు, మగ్గమును ఒక్క కప్పుక్రిందనే. జాకార్డు పెట్టె చప్పుడు, పలకచప్పుడు, ప్రక్కవీథిలో మరమగ్గముల మ్రోత. ఆ మ్రోతలో తల్లి చెప్పు మాట బిడ్డకు మాటగా నందదు. దినమునకు రెండు గంటలు మగ్గ మాపి, బిడ్డను మంచముమీద కూర్చుండబెట్టుకొని, ముఖము కెదురుగ నుండి, చేయు పనినంతయు మాటలతో జెప్పుచుండవలెను. "బియ్యము కడుగుచున్నాను, నీళ్లు పోయుచున్నాను" అని అవ్వ చెప్పు మాట వైద్యుని శిక్షణకంటె తక్కువది కాదు. హిందూపురమునందు మఱియొక చిక్కు. అచట ఇంట తెలుగు, వీథిలో కన్నడము, బెంగుళూరు శిక్షణాలయమున కన్నడమో ఆంగ్లమో. శిక్షకుడు చెప్పిన మాటకును అవ్వ చెప్పు మాటకును పొత్తు లేనియెడల బిడ్డకు రెండింటను లోతు గలుగదు. ఇంట నిజముగ నెక్కువగ మాటలాడు భాషనే మొదట గట్టిపరచుట యుక్తము.

ఈ మాటలు ఊహలు మాత్రమే కావు. 2000వ సంవత్సరమున అమెరికాలో మేరీ పాట్ మొయిలరను నామె 112 మంది బధిర బాలుర విషయమై పరిశీలనము ప్రచురించెను. వారిలో శీఘ్రముగ శిక్షణలో జేరినవారికి అయిదేండ్ల ప్రాయమున మాటల సంపద యెక్కువగా నుండెను. అయినను అన్నిటికంటె బలమైన కారణము కుటుంబము పాల్గొనుటయే యని తేలెను. అదే సంవత్సరమున హాలండు దేశపు నైమేఖను నగరమునుండి ఇంప్లాంటు గలవారి జీవితమును గొలుచుట కొక ప్రశ్నావళి వెలువడెను. దానియందు ధ్వని వినుటను గూర్చిన ప్రశ్నలు కొన్ని మాత్రమే. తక్కినవి మాటలాడుట, తన్ను దాను గౌరవించుకొనుట, పనిపాటలు, పదిమందితో గలియుట యనువానిని గూర్చినవి. వైద్యులే యంత్రముయొక్క ఫలమును పెండ్లిపందిటిలోను, పనిచోటనుగూడ వెదకుచున్నారని దీనివలన దెలియుచున్నది.

ఇంతకంటె దుఃఖకరమైన విషయ మొకటి గలదు. చెవిటిబిడ్డ పుట్టినప్పుడు నింద తల్లిమీద బడును. "నీ కడుపున బుట్టినవాడే" యని అత్తవా రందురు, ఏదో పాపమందురు. శాస్త్రము వేఱు మాట చెప్పుచున్నది. గర్భిణికి వచ్చిన కొన్ని జ్వరములు, శిశువునకు వచ్చిన కామెర్లు, మెదడుపొరల వాపు, కొన్ని మందులు చెవుడునకు గారణములు. వంశమునుండి వచ్చు చెవుడులో నధికభాగము తల్లి, తండ్రి యిరువురును చెఱియొక లోపబీజమును మోసినపుడు కలుగునదే. అట్టి దంపతుల ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు అవకాశము గలదు. కావున తల్లి నొక్కతెను నిందించుట యజ్ఞానము, అన్యాయమును. మేనరికములు, మేనమామ వివాహములు రాయలసీమలో నేటికిని మానలేదు. రక్తసంబంధులకు ఒకే లోపబీజ ముండు సంభావన యెక్కువ. ఆస్తి చెదరకుండుటకై చేయు పెండ్లి యొక బిడ్డ వినికిడిని దీసికొనవచ్చునని తెలిసియు, ముందు పరీక్ష చేయించుకొనక, తరువాత కోడలిని దూషించుట యేమి ధర్మము?

పెరిగిన పిల్లలకు బడియొక పరీక్ష. తలమీద నల్లని చుట్టను జూచి తోటిబాలురు లాగుదురు. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి చెప్పును. ఆతని పెదవులు బిడ్డకు గనబడవు. వానలో దడిసి, చెమటలో నాని, వెలుపలి భాగము చెడును. తీగ తెగిన, బ్యాటరీ యయిపోయిన, దానిని బాగుచేయువారు మన యూళ్లలో నరుదు. క్రొత్తదానికి వేలకొలది రూపాయలు గావలెను. లక్షలు వెచ్చించి యమర్చిన యంత్రము చిన్న తీగకై ట్రంకుపెట్టెలో బడియుండునప్పుడు, ఆ బిడ్డ నగలు గల బీదవానివంటిది. ఇచ్చిన దానిని నిలుపుట గూడ ఇచ్చుటలో భాగమని మన ప్రభుత్వములు గుర్తింపవలెను.

మఱి సైగల మాట యేమి? యంత్రము వచ్చినది గనుక సైగ లెందుకని కొందఱందురు. ఇది మిలాను సభవారి మాటయే. అమెరికాలోని బధిరుల జాతీయసంఘము 1991లో పిల్లలకు ఇంప్లాంటు పెట్టుటను ఖండించెను. 2000లో తన యభిప్రాయమును సడలించి, తల్లిదండ్రులకు నిర్ణయించు హక్కు నంగీకరించుచు, సైగభాషను విడువరాదని చెప్పెను. అనంతపురము జిల్లాలో 1969లో విన్సెంట్ ఫెర్రరు స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ బధిర బాలబాలికలకు పాఠశాలలు నడపి, సైగలతో చదువు చెప్పించెను. ఇంప్లాంటు అందరికిని సరిపడదు. సరిపడినవారికిని స్నానపువేళ, యంత్రము చెడినవేళ, వయసు మించిన తరువాత సైగయే తోడు. రెండును తెలిసిన బిడ్డకు రెండు కాళ్లున్నట్లు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సైగభాషను బోధనమార్గముగ గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో చెవుడు గలవారికి నూటికొక స్థానమును కేటాయించెను. చట్టమున్నచో చాలదు; ఆ స్థానములో కూర్చున్నవానితో తోటి యుద్యోగి ముఖము చూచి మాటలాడవలెను.

కావున చేయవలసిన పనులు కొన్ని గలవు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో నెలకొకమారైనను మ్యాపింగు, శిక్షణ, మరమ్మతు దొరకునట్లు ప్రభుత్వ వైద్యశాలలో నేర్పాటు కావలెను. బిడ్డతో పోవు తల్లికి ఆ దినపు కూలియు రైలుఖర్చును ఈయవలెను. అంగన్‌వాడీ కార్యకర్తకును బడి ఉపాధ్యాయునకును ఒక్క దినపు బోధనమైనను జరుగవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, ఇంప్లాంటు గల పిల్లల తల్లిదండ్రులును, పెద్దవారైన ఇంప్లాంటుధారులును, సైగభాష మాటలాడు బధిరులును ఒక్కచోట గూడి, తమ కేమి కావలెనో తామే చెప్పు సంఘములు వెలయవలెను. మిలాను సభయందు లేనివారే మన సభలయందు ముందు కూర్చుండవలెను.

ఒక చట్టము ఆస్తి నిచ్చినది. ఒక పథకము యంత్రము నిచ్చినది. మాట మాత్రము మనుష్యులే యీయవలెను. అవ్వ ఇంటిలోను, గురువు బడిలోను, ఇరుగుపొరుగు వీథిలోను ఈయవలసిన దది. చదువరులారా! మీ వీథిలో చెవివెనుక చిన్న పెట్టె ధరించిన బాలుడు కనబడిన, దయతో చూచి తొలగిపోకుడు. ఎదుట నిలిచి, ముఖము చూపి, మెల్లగ, స్పష్టముగ పేరు పెట్టి పిలువుడు. వాడు తిరిగి పలుకుటకు కొంచెము కాలము పట్టినను వేచియుండుడు. అప్పుడుగాని మన సామెత అబద్ధము కాదు.